నిలువయుంచిన పడవ యింజను: చమురు దోషములు, వానిని కనుగొను క్రమము

(అన్నవరమున లంకరైతులకు చేసిన ఉపన్యాస పాఠము)

కార్తికమాసమున గోదావరి లంకలనుండి రైతుకుటుంబములు అన్నవరము వచ్చి, రత్నగిరిమీద సత్యనారాయణస్వామివారి వ్రతము చేసికొనిపోవుట వాడుక. వరదకాలము గడచి నది తగ్గియుండును. ఇంటివారికి రెండు దినముల తీరిక చిక్కు కాల మదియే. ఆ మాసమందే క్షీరాబ్ధి ద్వాదశినాడు కొండక్రింద పంపానదిలో స్వామివారి తెప్పోత్సవము జరుగును. మరల వైశాఖ శుద్ధ ఏకాదశినాడు కల్యాణము. ఈ రెండు యాత్రలకును నడుమ ఆరు మాసములు గలవు. సామాన్యముగా లంకరైతు తన పడవయింజనును కార్తికమందు కట్టివేసి, వైశాఖము గడచినను దానివంక చూడక, వరదనీరు వాకిటికి వచ్చిననాడు గోనెపట్టా తీసి హ్యాండిలు త్రిప్పును. అప్పుడది కదలదు. కదలినను నడిగోదావరిలో ఆగును. ఇంజను చెడినదని యజమాని తలచును గాని, పెక్కుసారులు చెడినది ఇంజను కాదు, తొట్టిలో నిలువయున్న చమురు.

లంకలో పడవ విలాసవస్తువు కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852వ సంవత్సరమున పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలలో పడవలు గెడలతోను, తెరచాపలతోను, గట్టుమీదినుండి త్రాటితో లాగుటచేతను నడచినవి. కాలువపడవకు తొందర లేదు. గాలి పడిపోయినచో ఒడ్డున కట్టి వండుకొని తినవచ్చును. వరదగోదావరిని అడ్డముగా దాటవలసిన లంకపడవ సంగతి వేఱు. వసిష్ఠపాయమీది ఊడిమూడిలంక, బూరుగులంక వంటి గ్రామములవారును, కాజువే నీట మునిగినప్పుడు కనకాయలంకవారును, పాలను, కూరగాయలను, బడిపిల్లలను, రోగులను పడవలమీదనే దాటించుచు వచ్చిరి. అట్టి ప్రవాహములో ఇంజను ఆగినచో గెడ పనికిరాదు, గెడకు నేల అందదు. తెడ్డుతో ఆపుటకు నీటివడి యొప్పుకొనదు. పడవ ఎచ్చటికి పోవునో నది నిర్ణయించును.

ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగా మొదటి ప్రమాదహెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ఈయబడును. 1986 ఆగస్టు 16వ తేదీ వరద అక్కడ 35 లక్షల క్యూసెక్కులు మించినది. అది శ్రావణమాసము. పెద్దవరద శ్రావణములో గదా, ఇంజను సంగతి అప్పుడు చూతమని పెక్కురు చెప్పుకొను లెక్కకు ఆ సంవత్సరపు జ్ఞాపకమే మూలము. కాని 2022లో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద జూలై నడుమనే, ఆషాఢమందే, వచ్చి లంకలను ముంచినది. భద్రాచలముకడ నీరు పెరిగినదన్న వార్త తెలిసిన పిదప ధవళేశ్వరమునకు ఆ నీరు చేరుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. ఆ దినమున రైతు పశువులను గట్టెక్కించవలెను, ధాన్యము అటకమీదికి చేర్చవలెను, ముసలివారిని, పసిపిల్లలను పంపివేయవలెను. ఇంజను విప్పి కూర్చుండుటకు అది సమయము కాదు. మేస్త్రీయును ఆనాడు చిక్కడు. అతని యిల్లును లంకలోనిదే కావచ్చును.

కొట్టులో ధాన్యమువలె తొట్టిలో చమురు ఉన్నదున్నట్లుండునని తలచుట మొదటి పొరపాటు. డీజిలు ఒక విధముగ చెడును, పెట్రోలు మఱియొక విధముగ చెడును. కావున ఇంజను ఏ తరగతిదో చూచి చికిత్స చేయవలెను.

లంకపడవలలో పెక్కింటికి సేద్యపునీరు తోడు ఇంజనును పోలిన ఒక సిలిండరు డీజిలు ఇంజను అమర్చబడియుండును. డీజిలు నూనెకు శత్రువు నీరు. సగము నింపిన తొట్టిలో పైసగము గాలి యుండును. పగలు ఎండకు ఆ గాలి వ్యాకోచించి మూతరంధ్రమున వెలికి పోవును. రాత్రి చల్లబడగా బయటి తేమగాలి లోనికి వచ్చును. మంచుకాలమున తెల్లవారుజామున ఆ తేమ తొట్టి లోగోడలకు చెమటవలె పట్టి, బొట్లుగా జారి అడుగునకు దిగును. లీటరు నీరు ఒక కిలో తూగగా లీటరు డీజిలు ఇంచుమించు 830 గ్రాములే తూగును. నీటిబొట్టు ఒకసారి అడుగు చేరిన పిదప దానిపై నూనె కప్పివేయును; అది ఆవిరియై పోవుటకు దారి లేదు. ఒక రాత్రికి చేరునది కొలతకు రాదు. నది ప్రక్కన ఏడెనిమిది నెలల రాత్రులు చేర్చునది మాత్రము తొట్టి అడుగున కంటికి కనబడును.

ఆ నీటితోనే పని ముగియదు. నీరును నూనెయును కలియు పొరలో సూక్ష్మజీవులు, బూజుజాతి శిలీంధ్రములు పెరుగును. అవి నూనెను తిని నీటిలో బ్రతుకును. కొన్ని మాసములకు ఆ పొర నల్లని జిగురు తుట్టెగా మారును. కొంద రిది నూనెలోని మడ్డియని చెప్పుదురు. కాదు, ఇది పుట్టి పెరిగినది. ఇనుపతొట్టియైనచో నీటివలన త్రుప్పుపొడియు దీనితో చేరును. ఈ రెండును ఫిల్టరును మూసివేయును.

ఇంజను కదలనప్పుడు రైతు మొదట పోవుచోటు ఇంజెక్టరు. ఇది తలక్రిందులైన పద్ధతి. చమురు తొట్టినుండి ఇంజనువైపు ప్రవహించును. పరీక్షయు అట్లే నడువవలెను. ఇంజెక్టరు పంపును విప్పుట గృహస్థుని పని కాదు. దానిలోని భాగములు వెండ్రుకకంటె సన్నని సందులతో అమర్చబడియుండును. బల్లమీద పరచిన పాతచొక్కాపై వానిని విప్పినవారు వరద తగ్గినవఱకు పడవ ఎక్కలేరు.

మొదట తొట్టి అడుగు మర కొంచెము వదలు చేసి, ఒక గిద్దెడు చమురు తెల్లని గాజుసీసాలోనికి దింపవలెను. సీసాను కదపక అరగంట యుంచవలెను. మంచి డీజిలు లేతపసుపు రంగున, అవతలివైపు వ్రేళ్లు కనబడునంత తేటగా నుండును. అడుగున వేఱొక పొర నిలిచినచో అది నీరు. నూనె మసకబారియున్నచో నీరు సన్నని తుంపరలుగా దానిలో తిరుగుచున్నదని తెలియవలెను. నల్లని పీచువంటివి తేలినచో బూజు పుట్టినదని నిశ్చయము. నీరుమాత్రమే యున్నచో తేట నూనె వచ్చువఱకు దింపిన చాలును. బూజు పుట్టిన తొట్టిని పూర్తిగా దింపి, విప్పి, లోపల తుడిచి, కొత్త డీజిలుతో కడుగక తప్పదు. పైపైన కొత్త చమురు పోసినచో పుట్టిన బూజు దానినికూడ చెఱచును.

తరువాత చూడవలసినది మూత. మూతలోని సూక్ష్మరంధ్రమున గాలి లోనికి పోయిననే చమురు క్రిందికి దిగును. నెలల తరబడి నిలిచిన ఇంజనుమీద కుమ్మరిపురుగు ఆ రంధ్రమును చూచి మట్టితో గూడు కట్టును. ఇట్టి ఇంజను చక్కగా బయలుదేరి, అయిదు పది నిముషములు నడచి, ఊపిరి బిగపట్టినట్లై ఆగిపోవును. కొంతసేపు ఉంచిన పిదప మరల నడచును. ఈ లక్షణము కనబడినంతనే మూత వదలు చేసి నడిపి చూడవలెను. వదలు చేసిన మూతతో ఇంజను నిలకడగా నడచినచో దోషము చిక్కినట్లే. పుల్లతో గూడు తీసివేసిన చాలును. మేస్త్రీకి ఈయవలసిన కూలి మిగులును.

మూత మంచిదైనచో గొట్టము. రబ్బరు గొట్టము ఎండకు బీటలు తీయును, ఎలుక కొఱుకును. చమురు కారనంతమాత్రమున గొట్టము మంచిదని తలపరాదు. తొట్టి ఎత్తున నుండి చమురు తనంత దిగునట్టి ఇంజనులో పగులు కారును. తొట్టి పల్లమున నుండి పంపు పీల్చుకొనునట్టి ఇంజనులో సన్నని పగులు చమురును బయటికి విడువదు, గాలిని లోనికి రానిచ్చును. పైకి పొడిగా నున్న గొట్టమే దొంగయగుట ఇందువలననే. ఈ చోట ఒక జానెడు తెల్లని పారదర్శకపు గొట్టమును తాత్కాలికముగా అమర్చినచో లోన బుడగలు పోవుట కంటికి కనబడును.

గొట్టము పిదప ఫిల్టరు. దాని గిన్నెను విప్పి అడుగున నున్నది వ్రేలితో చూడవలెను. కాగితపు ఫిల్టరును కడిగి మరల పెట్టు అలవాటు పనికిరాదు. కడుగుటచేత కాగితము రంధ్రములు పెద్దవై, ఆపవలసిన మురికిని ఇంజెక్టరు పంపునకు పంపును. కొత్త ఫిల్టరు వెల పంపు మరమ్మతు వెలలో లెక్కకు రానిది. రాగి వాషరు నలిగియున్నచో దానినికూడ మార్చవలెను, లేనిచో అక్కడనే గాలి పీల్చును.

ఫిల్టరు విప్పిన ప్రతిసారియు లోనికి గాలి చేరును. నూనెను ఎంత నొక్కినను కుదించుకొనదు, గాలి కుదించుకొనును. పంపు నొక్కినప్పుడు లోని గాలిబుడగ స్పంజివలె ఆ నొక్కుడును మ్రింగివేయును, ఇంజెక్టరు తెఱచుకొనదు. కావున గాలి తీయక ఇంజనును వందసారులు త్రిప్పినను బాహువులు నొచ్చుట తప్ప ఫలము లేదు. ఫిల్టరుమీది గాలిమరను వదలు చేసి, చేతిపంపు ఉన్నచో దానిని ఆడించుచు, లేనిచో చమురును తనంత దిగనిచ్చుచు, నురుగు పోయి నిండుధార వచ్చువఱకు చూచి మర బిగింపవలెను. తరువాత పంపుమీది మరకడ ఇట్లే చేయవలెను. కడపట ఇంజెక్టరునకు పోవు ఉక్కుగొట్టపు నట్టును అరచుట్టు వదలు చేసి, హ్యాండిలు త్రిప్పుచు, బుడగలు లేని చమురు చిమ్మగానే బిగింపవలెను. పిమ్మట హ్యాండిలు త్రిప్పిన ఇంజెక్టరునుండి కిర్రుమను చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడు వినబడినచో చమురు సిలిండరులోనికి పోవుచున్నదనుటకు సాక్ష్యము.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజెక్టరు ముక్కునుండి వచ్చు తుంపరకు చేయి అడ్డుపెట్టి చూచుట కొందరి వేడుక. ఆ తుంపర వాతావరణపు ఒత్తిడికి సుమారు రెండువందల రెట్ల ఒత్తిడితో వెలువడి చర్మమును గుచ్చుకొని లోనికి పోవును. గాయము సూదిపోటంతయే కనబడును, నొప్పియు మొదట స్వల్పమే. కాని లోన నూనె వ్యాపించి వ్రేలు పోగొట్టుకొనవలసివచ్చును. అట్లు జరిగినచో ఆకుపసరు కట్టి ఊరకుండక, ఆ గంటయందే పెద్దాసుపత్రికి పోవలెను.

సైలెన్సరు పొగయు సంగతి చెప్పును. హ్యాండిలు త్రిప్పునప్పుడు పొగ ఏమియు రానిచో చమురు సిలిండరునకు చేరుటలేదని అర్థము. పైన చెప్పిన దారిలో ఎక్కడనో అడ్డుపడినది. డీజిలు వాసనతో తెల్లనిపొగ వచ్చుచు అంటుకొననిచో చమురు చేరుచున్నది గాని మండుట లేదు. చమురులో నీరైనను ఉండవలెను, ఇంజెక్టరు తుంపర చేయక కార్చుచైనను ఉండవలెను, లేదా నిలువకాలమున రింగులు పట్టుకొని ఇంజనులో బిగువు తగ్గియుండవలెను. ఈ కడపటిది చమురు దోషము కాదు; హ్యాండిలు అడ్డులేక తేలికగా తిరుగుటచేత అది తెలియును. ఊరక నడచినప్పుడు బాగుండి, పంకా నీటిలో దించగానే నీరసించు ఇంజనుకు ఫిల్టరు సగము మూసికొనియుండును.

పెట్రోలు ఇంజనుల కథ వేఱు. పెట్రోలు ఒక వస్తువు కాదు, పలు తేలిక బరువు నూనెల కూడిక. నిలువయుంచినచో తేలికవి ముందుగా ఆవిరియై పోవును. ఇంజనును మొదటి త్రిప్పుడులో అంటించునవి అవే. మిగిలినది గాలితో కలిసి బంకగా మారి కార్బ్యురేటరు గిన్నెలో అంటుకొనును. కార్బ్యురేటరు జెట్టు సూదిమొనంత రంధ్రము. ఒక పొర బంక దానిని మూయుటకు చాలును. చెడిన పెట్రోలు వార్నీషు వాసన వేయును. ఒకసారి వాసన చూచినవాడు మరువడు.

దీనికితోడు ఇప్పటి పెట్రోలులో చెఱకు మడ్డినుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీసిన ఇథనాలు కలుపబడుచున్నది. భారతదేశమున 2022లో నూటికి 10 వంతులు, 2025లో 20 వంతులు కలుపుట సాధింపబడినది. రైతు పంటకు అదొక గిరాకి. దానిని నిందింప పనిలేదు. కాని ఇథనాలునకు నీటియందు ప్రీతి మెండు. అది గాలిలోని తేమను పీల్చుకొని తనలో దాచును. దాచినంతకాలము నీరు కంటికి కనబడదు. మితి మీరినచో ఇథనాలును నీరును కలిసి ఒక్కసారిగా పెట్రోలునుండి విడిపడి అడుగునకు దిగును. పగటివేడిలో కలిసియున్నది రాత్రిచలికి విడిపడుట గలదు; సాయంకాలము నడచిన ఇంజను తెల్లవారి నడువకుండుటకు ఇదియొక కారణము. అడుగున దిగినది మండదు, పైన మిగిలిన పెట్రోలును బలహీనము. ఇట్లు విడిపడినదానిని కదిపి కలుపుటకు యత్నింపరాదు, కొత్త పెట్రోలు పోసి సరిచేయవలెనని చూడరాదు, అంతయు తీసివేయవలసినదే. ఇథనాలు పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తపఱచును గనుక ఏండ్లనాటి గొట్టములను, వాషరులను మార్చుట మేలు.

పెట్రోలు ఇంజను కదలనప్పుడు ప్లగ్గును విప్పి చూడవలెను. పలుమార్లు త్రిప్పిన పిదపను ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు చేరుటలేదు. జెట్టుగాని, గిన్నెలోని సూదిగాని, గొట్టముగాని మూసికొనియుండును. ప్లగ్గు తడిసియుండి నిప్పురవ్వ మంచిదైనను అంటుకొననిచో పెట్రోలు చెడినది. రవ్వను పరీక్షించునప్పుడు తొట్టి మూసి, ఒలికిన పెట్రోలు తుడిచి, దూరముగా నుండి చేయవలెను. జెట్టును తీగతో పొడుచుట తగదు; ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదియైనచో ఇంజను ఎన్నడును సరిగా నడువదు. కార్బ్యురేటరు శుభ్రము చేయు మందులో నానబెట్టి గాలితో ఊదవలెను. రెండు స్ట్రోకుల ఇంజనులలో పెట్రోలుతో కలిపిన ఆయిలు అడుగున పేరుకొనును. పాత మిశ్రమమును తీసివేసి, తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో కొత్తగా కలుపవలెను. కిరసనాయిలుతో నడచు ఇంజనును మాత్రము ఆపుటకు ముందు పెట్రోలుకు మార్చి కొన్ని నిముషములు నడిపింపవలెను, లేనిచో గిన్నెలో మిగిలిన కిరసనాయిలు మరునాడు చల్లని ఇంజనులో అంటుకొనదు.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పడవ అడుగున చేరి కదలక యుండును. అందు బీడీ ముట్టించుట, లాంతరు దించుట ప్రాణాపాయము. గొట్టము నోటితో పీల్చి చమురు దింపుటయు మానవలెను. గుటకపడిన చమురుకంటె ఊపిరితిత్తులలోనికి పోయిన చమురు ఎక్కువ హాని చేయును.

డీజిలు ఇంజనులో వేరుశనగనూనె పోసి నడుపవచ్చునా యని కొందరు రైతులు ప్రశ్నింతురు. ప్రశ్న వింతది కాదు. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజను వేరుశనగనూనెతో నడపబడినట్లు దానిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే చెప్పియున్నాడు. అయినను పచ్చినూనె చిక్కనిది, నిలువయున్నచో మరింత చిక్కబడి ఇంజెక్టరు ముక్కున మసిగట్టును. వరదపడవలో ఆ ప్రయోగము కూడదు.

ఇంతవఱకు చెప్పినది ఇంజను కదలుటకు. కదలిన ఇంజను నమ్మదగినదా యనునది వేఱు ప్రశ్న, లంకరైతునకు ముఖ్యమైనదియు అదియే. ఒక రైతు ఇంజనును ఒడ్డున కట్టిన పడవలో పరీక్షించెననుకొందము. మొదటి త్రిప్పుడుకే అంటుకొన్నది. రెండు నిముషములు నడిపి, బాగున్నదని ఆపివేసినాడు. ఆ రెండు నిముషములు నడచినది గొట్టములోను ఫిల్టరుగిన్నెలోను మిగిలియున్న చమురుతో. తొట్టిలోని చమురు ఇంకను ఇంజనునకు చేరనేలేదు. పైగా కట్టిన పడవ కదలదు గనుక తొట్టి అడుగున నీరును మురికియు నిద్రించుచుండును. వరదనాడు పశువులను, మనుష్యులను ఎక్కించుకొని నడిపాయకు రాగా, సుడులకు పడవ ఊగును, తొట్టి ఊగును, ఆరునెలల మురికి యంతయు లేచి ఒక్కసారిగా గొట్టములోనికి పోవును. ఇంజను ఆగునది ఒడ్డున కాదు, నడిపాయలో. దీనిని దైవికమని కొందరు తలంతురు. ఇది తొట్టి అడుగున పడియున్న ఒక గ్లాసెడు నీరు.

కావున నిజమైన పరీక్ష యిట్లుండవలెను. తొట్టి అడుగు దింపి, ఫిల్టరు మార్చి, గాలి తీసిన పిదప, నది తక్కువగా నున్న వైశాఖమందు, ఈతవచ్చిన ఇద్దరు మాత్రము ఎక్కి, తెడ్లు వెంట నుంచుకొని, ఒడ్డు వెంబడి అరగంట తక్కువ కాకుండ పడవను నడపవలెను. పంకాకు పూర్తి బరువు పడవలెను. ఉద్దేశపూర్వకముగా పడవను ఇటునటు ఊపవలెను. ఆగదలచినచో అప్పుడే ఆగనిండు. తిరిగి వచ్చి ఫిల్టరుగిన్నెను మరల విప్పి చూచినచో, లేచిన మురికి యెంతయో తెలియును. గిన్నె శుభ్రముగా నున్నవఱకు ఈ పని మరల చేయవలెను. నీటిచే చల్లబడు ఇంజనును నేలమీద పొడిగా నడిపి పరీక్షింపరాదు, నిముషములలో దాని నీటిపంపు కాలిపోవును.

కల్యాణమునకు అన్నవరము వచ్చు రైతునకు ఈ పరీక్షకు తగిన తిథి జ్ఞాపకముంచుకొనుట కష్టము కాదు. ఏకాదశికి ముందుగాని వెనుకగాని ఆ వారములోనే ఇంజను నడిపినచో, దోషము కనబడినను మేస్త్రీకి కబురుపెట్టుటకు, కాకినాడనుండియో రాజమహేంద్రవరమునుండియో భాగములు తెప్పించుటకు నెలకు తక్కువకాని వ్యవధి యుండును.

కార్తికములో ఇంజనును కట్టివేయు పద్ధతి సరిగా నున్నచో వైశాఖపు పని సగము తగ్గును. డీజిలు తొట్టిని అంచువఱకు నింపియుంచవలెను. గాలికి చోటు లేనిచో చెమట పట్టదు. పెట్రోలు తొట్టిని అందుకు విరుద్ధముగా పూర్తిగా ఖాళీచేసి, చమురు కుళాయి మూసి, ఇంజను తనంత ఆగిపోవువఱకు నడిపి, కార్బ్యురేటరు గిన్నెను ఎండబెట్టవలెను. ఈ రెండు నియమములను తారుమారు చేసినవారే మిక్కిలిగా నష్టపడుచున్నారు. మూతపై పలుచని బట్ట కట్టినచో గాలి ఆడును, కుమ్మరిపురుగు రాదు. చమురు పోయునప్పుడు గరాటులో సన్నని జల్లెడ యుండవలెను. చీకటిగా, చల్లగా, మూతగట్టిగా నుంచిన మంచి డీజిలు ఆరునెలలు మొదలు ఏడాదివఱకు నిలుచును; మూడు మాసములు మించిన పెట్రోలును వరదపనికి నమ్మరాదు. వరదకని పెట్రోలు నిలువచేయువారు దానిని జ్యేష్ఠమున కొత్తగా తెచ్చుకొనవలెను.

దింపిన పాతచమురును కాలువలో పారబోయుట చూచుచున్నాము. డెల్టా గ్రామములలో త్రాగునీటి చెఱువులు ఆ కాలువలతోనే నిండును. నీరుమాత్రమే చేరిన డీజిలును డబ్బాలో రెండుదినములు తేర్చి, పైతేటను బట్టలో వడగట్టి, సేద్యపు ఇంజనులో కొత్త నూనెతో కొంచెము కొంచెముగా కలిపి వాడుకొనవచ్చును. బూజుపట్టినదానిని, విడిపడిన పెట్రోలును మూతగల డబ్బాలో భద్రపఱచి, పాత ఆయిలు కొనువారికి అప్పగింపవలెను.

పంపా, తాండవ, ఏలేరు నదుల ప్రక్కల సేద్యమునకు నూనెఇంజను పెట్టుకొన్న మెట్టరైతులకును ఇవియే దోషములు, ఇదియే క్రమము. వారి ఇంజను ఆగినచో మడి ఒకనాడు ఎండును, అంతే. కాబట్టి వారికి అరగంట ఊపు పరీక్ష పనిలేదు, తక్కిన దంతయు వర్తించును.

పడవలో ఇంజనుపెట్టె ప్రక్కన ఒక డబ్బా యుండవలెను. అందు కొత్త ఫిల్టరు ఒకటి, రాగి వాషరులు నాలుగు, గాలి తీయు మరకు సరిపడు పానా, రెండు మూరల రబ్బరుగొట్టము, గొట్టపు క్లిప్పులు, పెట్రోలు ఇంజనైనచో ప్లగ్గు ఒకటి, తెల్లని గాజుసీసా ఒకటి. తొట్టిమూతకు రేకుబిళ్ల కట్టి, దానిమీద చమురు పోసిన తేదీ, ఫిల్టరు మార్చిన తేదీ మేకుతో గీసియుంచవలెను. వరదరాత్రి ఇంజనును నడపువాడు ఇంటి యజమాని కాకపోవచ్చును.